కొలవకుండా వదిలేసిన పెట్టె

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా పనిలో తప్పుందని ఎవరైనా అంటే చాలు, అది ముక్కు మీంచి నాలుక మీదకి దిగుతుంది. ముప్పై రెండేళ్ళుగా ఇళ్ళల్లో కరెంటు పని చేస్తున్నాను. జేబులో దువ్వెన లేకపోయినా మీటరు మాత్రం ఉంటుంది, అందుకే అందరూ నన్ను మీటరన్న అంటారు. ఆ పేరు వినపడితే ఒకప్పుడు మీసం మీదకి చెయ్యి పోయేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే వెనక్కి తిరిగి చూడ్డానికి మొహం చెల్లడం లేదు.

మా చెల్లెలు నాకంటే పదకొండేళ్ళు చిన్నది. చిన్నప్పుడు దాన్ని చెవుల పిల్ల అనేవాళ్ళం. చెవులు పెద్దవని కాదు. నాన్న సైకిలు ఇంకా వీధి మలుపు తిరగకముందే ఇది వంటింట్లోంచి "నాన్న వస్తున్నాడు" అనేది. గొలుసు కిర్రుమనే చప్పుడు దానికి అంత దూరం నుంచీ వినపడేది. అమ్మ ఆ మాట విని కంచాలు పెట్టేసేది, ఒక్కరోజు కూడా అన్నం చల్లారలేదు. ఈ సంగతి ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. అది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

ఇప్పుడు దాని బతుకుతెరువు కూడా ఆ చెవులే. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి ఫోనులోకి మాట్లాడి పంపిస్తారు. ఇది ఇంట్లో ఓ మూల బల్ల ముందు కూర్చుని, హెడ్‌ఫోను పెట్టుకుని, ఆ మాటలు విని టైపు చేస్తుంది. కాలి కింద ఓ పెడలు ఉంటుంది, దాన్ని నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఎనిమిదేళ్ళలో ఒక్క తప్పు పోలేదని ఆ ఆఫీసువాళ్ళు దీనికి కష్టమైన గొంతులన్నీ అంటగట్టేవాళ్ళు. నమిలినట్టు మాట్లాడే డాక్టర్లు, దగ్గుతూ మాట్లాడే డాక్టర్లు, అందరూ మా చెల్లెలి వాటాకే వచ్చేవాళ్ళు. అది దానికి గొప్ప.

నిరుడు వాళ్ళ అపార్టుమెంటు పక్కన కొత్త ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. అప్పట్నుంచి వాళ్ళింట్లో బల్బులు నెలకొకటి చొప్పున పోతున్నాయి. దానికితోడు ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా హెడ్‌ఫోనులో టక్ మని ఓ చప్పుడు, వెనకాలే జుయ్యిమని ఓ రొద. ఆ టక్ సరిగ్గా డాక్టరు మాట మీద పడితే ఆ మాట పోతుంది. మందు ఎంత వేయాలో చెప్పే అంకె మీద పడిందంటే ఇక చూడండి. వెనక్కి తిప్పుకుని మళ్ళీ వినాలి, పది నిమిషాల పని అరగంట అవుతుంది. ఓసారి వచ్చి చూడు అన్నయ్యా అంది.

వెళ్ళి చూశాను. రెండొందల ముప్పై ఉండాల్సిన చోట రెండొందల యాభై ఎనిమిది వోల్టులు వస్తోంది. కరెంటు ఆఫీసుకి అర్జీ పెడితే వాళ్ళు వచ్చేసరికి దీని జుట్టు నెరుస్తుంది. బజార్లో దొరికే స్టెబిలైజరు పెడదామా అంటే, అదే లోపల టకటకా కొట్టుకుంటుంది, చప్పుడు తగ్గించుకోబోయి ఇంకో చప్పుడు కొనుక్కున్నట్టు. నేనే చప్పుడు లేని పెట్టె ఒకటి తయారుచేస్తానన్నాను. అందులో పెద్ద విద్యేం లేదు. ఇరవై నాలుగు వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు తీసుకుని, దాని తీగల్ని వచ్చే కరెంటుకి ఎదురు తిప్పి కలిపితే ఇంచుమించు ఆ మేరకి వోల్టేజి తగ్గుతుంది. ఎదురు కాకుండా కలిపితే అంత మేరకి పెరుగుతుంది. తేడా రెండు తీగల్లోనే. ఇక టక్ సంగతంటారా, ఫ్రిజ్ లోపలి స్విచ్చి కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ చిన్న నిప్పురవ్వ పుడుతుంది, చప్పుడు దానిదే. ఆ రవ్వని మింగేసే వేలెడంత కెపాసిటరు డబ్బా ఒకటి స్విచ్చికి తగిలించాలి. అంతే.

ఆదివారం పొద్దున పెట్టె పట్టుకుని వెళ్ళేసరికి ఇల్లంతా జనం. మా బావగారు, అంటే మా చెల్లెలి భర్త, పక్క ఫ్లాట్లవాళ్ళని కూడా పిలిచాడు. ఆయన తల్లి కుర్చీ లాక్కుని నా ఎదురుగానే కూర్చుంది. జనాన్ని చూస్తే నాకు నోరు ఊరుకోదు. మీటరు తీసి రెండొందల యాభై ఎనిమిది అందరికీ చూపించాను. వోల్టేజి అంటే ఏమిటో, అది ఎక్కువైతే ఏమేం పాడవుతాయో, ఊళ్ళో మిగతా ఎలక్ట్రీషియన్లకి ఇది ఎందుకు తెలియదో ఉపన్యాసం దంచుతూ తీగలు కలిపాను, ఫ్రిజ్ స్విచ్చికి డబ్బా తగిలించాను. మెయిను వేశాను. ట్యూబులైటు తళుక్కున వెలిగింది. ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగిందని పెద్దావిడ మురిసిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నలుగురు మాకూ ఇలాంటిదే కావాలన్నారు.

నాకు పని నేర్పిన మేస్త్రి, తీగ కలిపే ముందు కొలవాలి, కలిపాక కొలవాలి అని నెత్తి మీద మొట్టి మరీ నేర్పాడు. ముప్పై రెండేళ్ళలో నేను ఆ రెండో కొలత తీయని రోజు అదొక్కటే. మీటరు అప్పటికే జేబులో పెట్టేశాను. చప్పట్లు కొడుతున్నవాళ్ళ ముందు మళ్ళీ మీటరు తీస్తే, నా పని మీద నాకే అనుమానం ఉన్నట్టుంటుంది కదా అనిపించింది. సరే, టీ తాగి వచ్చేశాను.

వారం తిరక్కుండానే చెల్లెలు ఫోను చేసింది. చప్పుడు తగ్గలేదట, పెరిగిందట. ఫ్రిజ్ ఇదివరకు గంటకోసారి టక్ మనేది, ఇప్పుడు పది నిమిషాలకోసారి అంటోందట. బల్బులు కూడా అప్పుడే రెండు పోయాయట. నాకు ఒళ్ళు మండింది. చవక బల్బులు కొని నన్నంటే ఎలా అన్నాను. అది ఊరుకోలేదు, మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. మూడోసారికి స్కూటరేసుకుని రుసరుసలాడుతూ వెళ్ళాను.

హెడ్‌ఫోను నాకే పెట్టమన్నాను. రెండు నిమిషాలు విన్నాను. ఎవరో డాక్టరు ఎవరిదో మోకాలి గురించి చెబుతున్నాడు, అంతే. ఆ కాసేపట్లో ఫ్రిజ్ ఆన్ అయిందో లేదో కూడా నేను చూడలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. గోడలకి చిల్లులు పెట్టే మిషను హోరుకి నా చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఇంట్లో నేను టీవీ పెడితే నా భార్య లేచి పక్కగదిలోకి పోతుంది. ఆ విషయం ఆమెకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ చెవుల్తో విని, హెడ్‌ఫోను బల్ల మీద పడేసి, బావగారు, పెద్దావిడ చూస్తుండగా ఒక మాటన్నాను.

"చప్పుడు తీగల్లో లేదమ్మా, నీ చెవుల్లో ఉంది. డాక్టరుకి చూపించుకో."

పెట్టె మూత కూడా విప్పలేదు. జేబులో మీటరు జేబులోనే ఉంది.

నా మాటకి ఆ ఇంట్లో చాలా విలువ. నేనలా అన్న మరునాడే బావగారు చెల్లెల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పాపం, ఆయన చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు. చెవిలో ఏ లోపమూ లేదన్నారు. అయితే నరాలన్నారు, నిద్ర సరిగ్గా లేదన్నారు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మాత్రలు రాశారు. మాత్రలు వేసుకుంటే మత్తు. మత్తులో పని నత్తనడక. పైగా తన చెవుల మీద తనకే నమ్మకం పోయి, ప్రతి మాటనీ నాలుగేసిసార్లు వెనక్కి తిప్పి వినడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఓ అంకె తప్పు పడింది. ఆఫీసునుంచి హెచ్చరిక వచ్చింది. పెద్దావిడ ఊరుకుంటుందా? కుక్కరు కూతేస్తే, "అమ్మాయ్, ఇది నిజంగా కూసిందా, నీ చెవుల్లోనేనా?" అని వేళాకోళం. చెల్లెలు నవ్వేసేదట. అలా నవ్వేదని బావగారు నాకు చెప్పి ఆయనా నవ్వాడు, ఆయనతోపాటు నేనూ నవ్వాను.

నేను పెట్టె పెట్టిన నెలన్నరకి ఫ్రిజ్ పోయింది. బాగుచేసే అతను వచ్చి కంప్రెసరు మాడిపోయిందన్నాడు, కొత్తది వేశాడు, ఇంట్లో వోల్టేజి ఓసారి చూడమనండి అని పోయాడు. బావగారు అది నాకు ఫోనులో చెప్పాడు. వోల్టేజి చూడమని నాకు చెప్పడమా! ఆ ఫ్రిజ్ వాడి నోరు మూయించడానికే వెళ్ళాను, నిజం చెబుతున్నాను.

మధ్యాహ్నం రెండయింది. బావగారు ఆఫీసులో ఉన్నాడు. పెద్దావిడ గుమ్మం తీసి మళ్ళీ నడుం వాల్చింది. చెల్లెలు బల్ల ముందే, పెడలు మీద కాలు ఉండగానే, చేతుల మీద తల వాల్చి నిద్రపోతోంది. పట్టపగలు అది నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. చప్పుడు కాకుండా వరండాలోకి వెళ్ళి, పెట్టె మూత విప్పి, మీటరు పెట్టాను.

రెండొందల ఎనభై ఐదు.

మీటరు పాడైందేమోనని దులిపి మళ్ళీ పెట్టాను. అదే. వచ్చే కరెంటు దగ్గర పెట్టాను, రెండొందల యాభై ఎనిమిది. అంటే నా పెట్టె తగ్గించడం లేదు, పెంచుతోంది. తీగల వైపు చూస్తే అర్థమైపోయింది. నేను పనిలో చేరిన రోజుల్లో ఊరంతా లో వోల్టేజి. సాయంత్రమైతే బల్బులు ఎర్రగా మినుకుమినుకుమనేవి. అప్పట్లో వోల్టేజి పెంచే పెట్టెలు వందకి పైగా కట్టాను. నోరు ఉపన్యాసం చెబుతుంటే చేతులు వాటికి అలవాటైన పని చేసేశాయి. ఎదురు తిప్పాల్సిన తీగల్ని పాత పద్ధతిలోనే కలిపేశాయి. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి చూస్తే, నేను తగిలించిన కెపాసిటరు డబ్బా ఆ ఎక్కువ వోల్టేజికి ఉబ్బి, పగిలి, నల్లగా మాడిపోయి ఉంది. కంప్రెసరు వేడెక్కి ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి, ఆ పిల్ల చెప్పినట్టే పది నిమిషాలకోసారి టక్ మని చచ్చిందన్నమాట. బల్బులూ అందుకే. అది చెప్పినవన్నీ అక్షరాలా నిజం.

తీగలు మార్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండొందల ముప్పై ఒకటి. సంచిలోంచి కొత్త డబ్బా తీసి తగిలించి, మాడింది జేబులో దాచాను. లేచేసరికి వెనకాల చెల్లెలు, మొహం మీద బల్ల అంచు చార పడి, నిద్రమత్తుతో నిలబడి ఉంది. ఏం చేస్తున్నావన్నయ్యా అని అడిగింది. చెప్పాల్సిన క్షణం అదే. నోటి దాకా వచ్చింది కూడా.

దుమ్ము దులుపుతున్నానమ్మా, వెళ్ళి పడుకో అన్నాను.

నాలుగు రోజుల తర్వాత దాని ఫోను. చప్పుడు పోయిందట. పూర్తిగా పోయిందట. మాత్రలు పనిచేశాయట. ఇదంతా నీ దయ అన్నయ్యా, మిగతా అందరూ నా మనసు నొచ్చుకుంటుందని ఊరుకుంటే నువ్వొక్కడివే మొహమాటం లేకుండా జబ్బు నాదేనని చెప్పావు, అంది. ఇంత మాట విన్నాక ఏ మనిషైనా చెప్పేస్తాడు. నేను, సరేలేమ్మా, ఒళ్ళు జాగ్రత్త అని ఫోను పెట్టేశాను.

ఎందుకు చెప్పలేదంటారా? ఆ నలుగురికీ పెట్టెలు కట్టి ఇచ్చాను. వాటిని కలిపాక కొలిచాను, అవి సరిగ్గానే ఉన్నాయి, అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు మరి. కానీ సంగతి బయటికొస్తే ఆ అపార్టుమెంటులో మళ్ళీ ఎవరైనా నన్ను గడప తొక్కనిస్తారా? మీటరన్న తీగలు తిరగేసి కలిపాడట అని ఊరంతా నవ్వదా? రోజూ పొద్దున ఇవాళ చెబుతాను అనుకునేవాణ్ణి. అన్నం సహించేది కాదు. జేబులో ఆ మాడిన డబ్బా అలాగే ఉండేది, పారేయడానికి చెయ్యి వచ్చేది కాదు. చప్పుడు ఎలాగూ పోయింది కదా, పిల్ల సుఖంగానే ఉంది కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

అలా పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు ఆదివారం. భోజనానికి రమ్మని పిలిచారు. వెళ్ళేసరికి హాల్లో ఓ అట్టపెట్టె. అందులో హెడ్‌ఫోను, పెడలు, వైర్లు చుట్టిపెట్టి ఉన్నాయి. బావగారు చెప్పాడు, రేపు వాటిని ఆఫీసులో అప్పగించేసి వస్తుందట. మాత్రలు ఇంకా ఆర్నెల్లు వాడాలన్నారట. అవి వేసుకుంటే పని సాగదు, మానేస్తే చప్పుడు తిరిగొస్తుందని భయం. నేను దాని మొహంలోకి చూడకుండా, చప్పుడు లేదుగా ఇప్పుడు, పని ఎందుకు మానడం అని గొణిగాను. అది అన్నం వడ్డిస్తూనే, ఏమాత్రం బాధ లేనట్టు చెప్పింది.

"లేని చప్పుడు విన్న చెవులన్నయ్యా ఇవి. రేపు లేని అంకె వింటే? అవతల ఎవరి ప్రాణమో. నాకే నమ్మకం లేని చెవుల్ని డాక్టర్లు నమ్మడం తప్పు."

నాన్న సైకిలు గుర్తొచ్చింది. చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. జేబులోంచి ఆ మాడిన డబ్బా తీసి కంచం పక్కన పెట్టాను. ఏమిటిది అన్నాడు బావగారు. చెయ్యి కడుక్కుని, రండి చూపిస్తానని అందర్నీ వరండాలోకి తీసుకెళ్ళాను.

ఇంట్లో ప్లగ్గులన్నీ పీకించాను. పెట్టె విప్పి, తీగలు తిరిగి తప్పుగా కలిపి, మీటరు బావగారి చేతికిచ్చాను. ఆయన అంకె పైకి చదివాడు. రెండొందల ఎనభై ఐదు. నేను నెలన్నరపాటు మీ ఇంటికి పెట్టింది ఇది బావగారూ అన్నాను. మళ్ళీ తీగలు సరిచేసి, ప్లగ్గులు పెట్టించి, ఫ్రిజ్ దగ్గర కొత్త డబ్బా ఊడదీసి, అట్టపెట్టెలోంచి హెడ్‌ఫోను తీసి చెల్లెలి కంప్యూటరుకి తగిలించి, ఆయన తలకి పెట్టాను. ఫ్రిజ్ లోపలి మీట తిప్పాను. ఆయన ఉలిక్కిపడి హెడ్‌ఫోను లాగేశాడు. పెద్దావిడ ఏమైందిరా అంటే, టక్ మంది అమ్మా, నిజంగానే టక్ మంది అన్నాడు. ఇంకోసారి తిప్పాను. ఈసారి హెడ్‌ఫోను బల్ల మీదే ఉంది. గది ఆ చివర గోడకి ఆనుకుని నిలబడ్డ చెల్లెలు అక్కడినుంచే అంది.

"ఇదే. ఇదే చప్పుడు."

నాకు వినపడలేదు. హెడ్‌ఫోను పక్కనే నిలబడ్డ నాకు వినపడలేదు. అదీ చెప్పాను, నా చెవుల సంగతి కూడా. తప్పంతా నాదేనమ్మా, క్షమించు అన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అది నా దగ్గరికొచ్చి, మెల్లగా, డాక్టరు అంకె సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

మనిషిని కాబట్టి ఇవాళే అని అబద్ధం చెప్పాలనిపించింది. పంతొమ్మిది రోజులైందన్నాను. నువ్వు నిద్ర లేచొచ్చి అడిగిన రోజేనన్నాను.

అది లోపలికి వెళ్ళి మాత్రల అట్టలు తెచ్చింది. ఖాళీ అయినవి పారేయకుండా దాచుకుంది, డాక్టరుకి చూపించాలని. బల్ల మీద పరిచి ఆ పంతొమ్మిది రోజుల ఖాళీ గుంటలు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"తెలియక చేసింది తెలియకే చేశావు, దానికి నిన్నేమీ అనను. కానీ ఇవి ముప్పై ఎనిమిది అన్నయ్యా. ఈ ముప్పై ఎనిమిదీ నీకు తెలిసే మింగించావు."

బావగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను తల వంచుకుని నా చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, చెల్లెలు చెయ్యి చాపి మీటరు ఇమ్మంది. ఇచ్చాను. డబ్బా తిరిగి పెట్టించి, పెట్టె దగ్గర తనే కొలుచుకుంది. రెండొందల ముప్పై ఒకటి. మీటరు నాకు తిరిగి ఇవ్వలేదు, తన బల్ల సొరుగులో పెట్టుకుంది. మాత్రలు మానేసే సంగతి రేపు డాక్టరునే అడుగుతానంది. తర్వాత అట్టపెట్టెలోంచి పెడలు తీసి కాలి కింద సర్దుకుంటూ, ఇంక వెళ్ళు అన్నయ్యా, నాకు పనుంది అంది. గది తలుపు మూసేసింది.

చెప్పులేసుకుని ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డాను. లోపల మీటలు కొడుతున్న చప్పుడు వస్తే అంతకంటే ఇంకేం అక్కర్లేదనిపించింది. ఎంత చెవి రిక్కించినా నాకేమీ వినపడలేదు. పని మొదలుపెట్టిందో, ఊరికే కూర్చుని ఏడుస్తోందో తెలియలేదు. పెద్దావిడ నా వెనకాలే వచ్చి నిలబడింది. టైపు చేస్తోందా అత్తయ్యగారూ అని అడిగాను. ఆవిడ తలుపుకి చెవి ఆనించి కాసేపు విని, చేస్తోంది నాయనా అంది. ఆవిడ మాట నమ్మి మెట్లు దిగాను.